పోయిన నెల ఎన్ని సూదులు తప్పాయి?

ఎమ్మెస్ అనగానే మన ఐటీ జనాలకి గుర్తొచ్చేవి రెండు. ఒకటి అమెరికా వెళ్ళి చేసే చదువు, రెండోది బిల్ గేట్స్ గారి కంపెనీ. ఇంట్లో పెద్దవాళ్ళనడిగితే సుబ్బులక్ష్మి అంటారు. టీవీ ముందు కూర్చున్నవాళ్ళనడిగితే నారాయణ అంటారు. నాకు మాత్రం 2007 నుంచీ ఆ రెండక్షరాలకి ఇంకో అర్థం ఉంది. మల్టిపుల్ స్క్లీరోసిస్.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నరాలు కరెంటు తీగల్లాంటివనుకుంటే, వాటి మీద మైలిన్ అనే తొడుగుంటుంది. బయటినుంచొచ్చే రోగాల మీద పడాల్సిన మన రక్షణ వ్యవస్థే దారి తప్పి, మెదడులోనూ, వెన్నుపాములోనూ, కంటి నరంలోనూ ఉన్న ఆ తొడుగుని కొరుక్కుతింటుంది. ఎక్కడ కొరికితే అక్కడి పని దెబ్బతింటుంది. నాకు కుడికన్నుతో మొదలైంది. న్యూజెర్సీలో ఓ వారం పాటు ఆ కంటికి స్టాప్ బోర్డు ఎర్రగా కాకుండా పాత ఇటుక రంగులో కనపడింది. ఎక్కువమందికి ఈ జబ్బు ఇలా విడతలు విడతలుగా వస్తుంది. ఎటాక్ వస్తుంది, కొన్ని వారాలకి చాలావరకు తగ్గుతుంది, మళ్ళీ ఎప్పుడో ఇంకోటి. ఒక్కోసారి పూర్తిగా తగ్గదు, కాస్త నష్టం మిగిల్చిపోతుంది. ఆ మిగిలినవన్నీ పోగవుతూ ఉంటాయి. అసలు భయం అదే.

ఈ టపా జబ్బు గురించి కాదు, దాని సూదిమందుల గురించి. ఇంకా చెప్పాలంటే, ఆ సూదులు వేసుకునేవాళ్ళు డాక్టర్లకి చెప్పే ఒక చిన్న అబద్ధం గురించి. ముందే మనవి: నేను డాక్టర్ని కాను, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. కాకపోతే నా చేత్తో నేను వేసుకున్న సూదులు రెండు వేలు దాటాయి కాబట్టి, ఆ మాత్రం మాట్లాడే హక్కుందనుకుంటున్నాను.

ఈ జబ్బుకి 1993 దాకా దాని నడకని మార్చే మందే లేదు. ఆ ఏడాది అమెరికాలో బీటాసెరాన్ అనే ఇంటర్ఫెరాన్‌కి అనుమతి వచ్చింది. రోజు విడిచి రోజు చర్మం కింద వేసుకోవాలి. అడిగినవాళ్ళందరికీ సరిపడా సరుకు లేక, పేర్లు రాయించుకుని లాటరీ తీశారు. మందు కోసం లాటరీ! 1996లో వారానికొకసారి కండలోకి వేసుకునే అవోనెక్స్, ఆ ఏడాది చివర్లో రోజూ వేసుకునే కోపాక్సోన్ వచ్చాయి. వారానికి మూడుసార్లు వేసుకునే రెబిఫ్ అమెరికాకి 2002లో వచ్చింది. కోపాక్సోన్ కథ తమాషాగా ఉంటుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో జంతువులకి ఎమ్మెస్ లాంటి జబ్బు తెప్పించి చూద్దామని నాలుగు అమైనో ఆమ్లాలతో ఓ పదార్థం చేస్తే, అది జబ్బు తెప్పించకపోగా ఉన్నదాన్ని ఆపింది. మన భాషలో చెప్పాలంటే బగ్గే ఫీచరయింది.

ఇంతకీ ఇవన్నీ చేసేదేమిటి? ట్రయల్స్‌లో ఎటాక్‌ల సంఖ్యని సుమారు మూడో వంతు తగ్గించాయి. అంతే. పోయిన చూపు తెప్పించవు, మొద్దుబారిన కాలికి స్పర్శ తెప్పించవు. వేసుకున్న మర్నాడు "హమ్మయ్య, బావుంది" అనిపించదు. పైగా వేసుకున్న మర్నాడే ఒళ్ళు బావుండదు. తలనొప్పికి మాత్ర వేసుకుంటే తలనొప్పి పోతుంది కాబట్టి మళ్ళీ వేసుకుంటాం. ఇక్కడ మందు బాగా పని చేస్తే ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడం మందు వల్లా, మన అదృష్టం వల్లా అనేది మనకెప్పటికీ తెలీదు. ఈ ముక్క అర్థమైతే, మిగతా కథంతా అర్థమైనట్టే.

నాది మొదట అవోనెక్స్. నర్సు ఇంటికొచ్చి నారింజపండు మీద నేర్పించింది. నారింజపండు కదలదు, భయపడదు కాబట్టి అది తేలికే. అంగుళం పైచిలుకు సూదిని మన తొడలో మనమే దించుకోవడం వేరే సంగతి. నొప్పి కాదు సమస్య, నొప్పి చీమ కుట్టినంత. గుచ్చడానికి ముందు చెయ్యి గాల్లో ఆగిపోయే ఆ నిమిషముందే, అది కష్టం. మొదట్లో అది ఇరవై నిమిషాలు పట్టేది. ఆరేళ్ళ తర్వాత కూడా అర నిమిషం కంటే తగ్గలేదు.

శుక్రవారం రాత్రి వేసుకునేవాణ్ణి. రెండు మూడు గంటల్లో చలి మొదలయ్యేది, తర్వాత జ్వరం, ఒళ్ళునొప్పులు. శనివారం మధ్యాహ్నానికి మనుషుల్లో పడేవాణ్ణి. ముందే పారాసెటమాల్ వేసుకుంటే కొంత నయం. ఆఫీసు పోకుండా వారాంతం మందుకి ఇచ్చేసేవాణ్ణన్నమాట. పెళ్ళిళ్ళు, పుట్టినరోజు పార్టీలు, సంక్రాంతి పాట్‌లక్కులు అన్నీ శనివారమే కదా. "వీడు శనివారాలు ఫోనెత్తడు" అని మా మిత్రులు చాలాకాలం వేరే రకంగా అనుకున్నారట. సరే, మన పేరు అలా మోగింది!

2013లో హైదరాబాదుకి తిరిగొచ్చాక కోపాక్సోన్ రకం మందుకి, అంటే గ్లాటిరమర్‌కి మారాను. జ్వరాలు పోయాయి, కానీ ప్రతిరోజూ సూది. పొట్ట, తొడలు, చేతుల వెనక, నడుము పక్కన ఇలా చోట్లు మార్చుకుంటూ వెయ్యాలి. లేకపోతే చర్మం కింద కొవ్వు కరిగి గుంటలు పడతాయి, ఆ గుంటలు పోవు. డల్లాస్‌లో ఉండే ఒక మిత్రురాలు పదేళ్ళుగా పొట్టి చేతుల జాకెట్టు వేసుకోలేదు. జబ్బు వల్ల కాదు, మందు వల్ల. ఆవిడకి ఇంకో అనుభవం కూడా అయింది. సూది తీసిన నిమిషంలో మొహం ఎర్రబడి, ఛాతీ బిగుసుకుపోయి, ఊపిరాడక పోతానేమో అనుకుందట. పావుగంటలో దానంతటదే తగ్గింది. ఈ మందుకి అది తెలిసిన ప్రభావమేనని డాక్టరు చెప్పాడట. నిజమే, ఎక్కువసార్లు అది ప్రమాదం కాదు. కానీ అరుదుగా అసలైన తీవ్ర అలర్జీ కూడా రావచ్చనీ, మొదటి డోసుకే కాదు, ఏళ్ళ తరబడి వాడాక కూడా రావచ్చనీ 2025 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ పెద్ద హెచ్చరిక చేర్పించింది. కాబట్టి అలాంటిదేదైనా తగ్గకుండా పెరుగుతుంటే "మామూలేలే" అనుకుని కూర్చోకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఇక ఇంట్లోవాళ్ళ సంగతి. "బానే ఉన్నావుగా నాన్నా, ఎందుకా సూదులు?" అని మా అమ్మ కనీసం వందసార్లు అడిగుంటుంది. ఆవిడ తప్పు లేదు. సూది వేసుకునేది జబ్బు లేనట్టు కనపడే రోజుల్లోనే కదా. ఇంకో బంధువు కేరళలో ఏదో నూనె ఉందన్నాడు, ఇంకొకాయన గోధుమలు మానెయ్యమన్నాడు. పెళ్ళికావాల్సిన పిల్లలైతే ఫ్రిజ్‌లో మందు డబ్బా కూరగాయల అడుగున దాస్తారు. సూది ఎందుకని ఎవరైనా అడిగితే "షుగరు" అని చెప్పేవాళ్ళు నాకు తెలిసే ముగ్గురున్నారు. మన దేశంలో షుగరుకి ఉన్న మర్యాద ఎమ్మెస్‌కి లేదు మరి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

మా జిల్లా కుర్రాడొకడు బెంగళూరులో ఉంటాడు, సపోర్టు ప్రాజెక్టు, నెలలో సగం రాత్రి షిఫ్టులు. ఇరవై ఆరేళ్ళకి ఎమ్మెస్ బయటపడింది. వారానికి మూడుసార్లు వేసుకునే ఇంటర్ఫెరాన్ రాశారు. ఏడాదిన్నర తర్వాత తీసిన ఎమ్మారైలో రెండు కొత్త మచ్చలు కనపడ్డాయి. డాక్టరు చూసి, ఈ మందు నీకు పని చేస్తున్నట్టు లేదు, ఫింగోలిమాడ్ మాత్రకి మారుద్దాం అన్నాడు. కుర్రాడు నాకు ఫోన్ చేసి సంతోషంగా "అన్నా, సూదులు వదిలాయి" అన్నాడు. కాసేపు మాట్లాడాక గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. నెలకి పన్నెండు సూదులైతే వాడు వేసుకుంటున్నది ఆరో ఏడో.

ఎందుకు తప్పాయో అడిగాను. ఒక్కటి కూడా బద్ధకం కాదు. రాత్రి షిఫ్టులో సూది వేసుకుంటే తెల్లవారుజామున రెండింటికి జ్వరమొస్తుంది, అప్పుడే సర్వర్లు కూడా పడుకుంటాయి. పీజీలో ఉన్నది అందరికీ కలిపి ఒకటే ఫ్రిజ్. మందేమో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎవడో బీరు సీసాల కోసం దాని డబ్బా తీసి బయటపెట్టాడు, పాడయిందేమోనని ఆ డబ్బా మొత్తం పారేశాడు. ఊరెళ్ళినప్పుడు రైల్లో ఐసు పెట్టె మోసుకెళ్ళి ఎవరికేం చెప్పాలో తెలీక వారం మానేశాడు. రిలీజు వారాల్లో మానేశాడు. మానేసిన రోజుల్లో ఒళ్ళు తేలిగ్గా ఉండేది. మీరే చెప్పండి, మందు వేసుకున్నరోజు జ్వరం, మానేసినరోజు హాయి. ఏడాదిన్నర పాటు అలా జరిగితే మనసు ఎటు మొగ్గుతుంది?

మరి డాక్టరుకి ఎందుకు చెప్పలేదంటే, "అన్నీ సరిగ్గా వేసుకుంటున్నావా?" అని అడిగాడట. ఆ ప్రశ్నకి మనం చిన్నప్పటినుంచీ నేర్చుకున్న జవాబు ఒకటే. హోంవర్కు చేశావా అంటే చేశాను సార్. పక్కన కూర్చున్న నాన్న వింటుండగా వేరే జవాబు ఎలా వస్తుంది?

దీంట్లో ప్రమాదమేమిటో ప్రోగ్రామర్లకి వేరే చెప్పక్కర్లేదు. లాగ్‌లో "జాబ్ రోజూ నడిచింది" అని ఉంది. అవుట్‌పుట్ తప్పొచ్చింది. చూసినవాడు కోడ్ తప్పనుకుని కోడ్ మొత్తం మార్చేస్తాడు. నిజానికి జాబ్ సగం రోజులు నడవనేలేదు. డాక్టరు తెలివితక్కువవాడు కాదు, ఆయన చేతిలో ఉన్న లాగ్ అబద్ధం.

ఇక్కడ మారేది కోడ్ కాదు, మందు. ఈ పెద్ద మందుల లెక్కలు వేరు. 2004 నవంబరులో నటలిజుమాబ్ అనే సెలైన్ మందు అమెరికాలో వచ్చింది. ఎటాక్‌లని మూడింట రెండొంతులు తగ్గించిన మందు. మెదడుకి పీఎమ్మెల్ అనే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ రావడంతో 2005 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకుని, గట్టి నిఘాతో 2006లో మళ్ళీ అనుమతిచ్చారు. 2010లో వచ్చిన ఫింగోలిమాడ్, ఎమ్మెస్ నడకని మార్చే మందుల్లో మొదటి మాత్ర. సూది లేదు, నిజమే. కానీ మొదటి డోసుకి గుండె వేగం పడిపోవచ్చు కాబట్టి ఆరు గంటలు కూర్చోబెట్టి చూస్తారు. కొన్ని రోజులు వరసగా మానేస్తే మళ్ళీ అలాగే మొదలుపెట్టాలి. ఇంకా పెద్ద విషయం, దాన్ని ఆపేశాక కొందరిలో జబ్బు ముందుకంటే తీవ్రంగా తిరగబడిందని 2018లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అంటే ఇంటర్ఫెరాన్ సూదులు మానేస్తే ఆ రక్షణ పోతుంది. ఈ మాత్ర మానేస్తే అంతకంటే ఎక్కువే జరగొచ్చు. నెలకి సగం డోసులు తప్పే కుర్రాడికి, తప్పితే ప్రమాదమయ్యే మందు రాయబోతున్నారు. వాడు చెప్పిన "వేసుకుంటున్నాను సార్" అనే ఒక్క ముక్క ఆధారంగా.

వెళ్ళి చెప్పమన్నాను. "తిడతాడేమో అన్నా" అన్నాడు. తిడితే పది నిమిషాలు, ఆ తర్వాత నీ మెదడు నీ దగ్గరే ఉంటుంది అన్నాను. నాలుగు రోజులు నాన్చి, నాన్నని బయట కూర్చోబెట్టి, వెళ్ళి చెప్పాడు. డాక్టరు తిట్టలేదట. కాసేపు ఆ ఎమ్మారై మళ్ళీ చూసి, "అయితే ఈ మందు పని చేసిందో లేదో మనకి తెలీదు. నీ పద్ధతికి ఇది కుదరదని మాత్రం తెలిసింది" అన్నాడట. షిఫ్టుల గురించి, పీజీ గురించి అడిగి రాసుకున్నాడట. చివరికి ఆర్నెల్లకొకసారి ఆస్పత్రిలో ఎక్కించే మందు ఎంచారు. ఫ్రిజ్ బాధ లేదు, వారంవారం జ్వరం లేదు, తప్పితే ఆస్పత్రివాళ్ళే ఫోన్ చేస్తారు. దానికీ ఇబ్బందులున్నాయి, ఇన్ఫెక్షన్లతో జాగ్రత్తగా ఉండాలి. కానీ ఈసారి నిర్ణయం నిజం మీద నిలబడింది.

దీనికి రెండో వైపు నా అనుభవం. నాకు ప్రతిదీ ఎక్సెల్‌లో ఎక్కించే చాదస్తం. తేదీ, చోటు, తప్పితే కారణం. 2018లో నాకూ కొత్త మచ్చ వచ్చింది. డాక్టరుగారు ఆ షీటు చూశారు. ఏడాదిలో తప్పినవి పదకొండు. "అయితే దీని పనైపోయింది" అని ఐదు నిమిషాల్లో తేల్చేశారు. 2019 నుంచి నేనూ ఆర్నెల్ల మందులోనే ఉన్నాను. అదే లెక్క ఒకరికి మందు వాడకం కుదరలేదని చెప్పింది, ఇంకొకరికి మందే చాలలేదని చెప్పింది. బయటికి మాత్రం రెండూ ఎమ్మారైలో ఒకేలాంటి తెల్లమచ్చలు.

డబ్బు సంగతి చెప్పకపోతే అన్యాయం. అమెరికాలో ఈ మొదటి తరం సూదులు వచ్చినప్పుడు ఏడాదికి 8,000 నుంచి 11,000 డాలర్లుండేవి. 2013 నాటికి 60,000 దగ్గరికి చేరాయి. పాతబడేకొద్దీ ధర పెరిగే వస్తువు మందొక్కటేనేమో. మనవాళ్ళ పాత్ర కూడా ఉంది ఇందులో. 2017 అక్టోబరులో మైలాన్ కంపెనీ పేరుతో అమెరికాలో అనుమతి పొందిన కోపాక్సోన్ జెనరిక్ వెనక ఉన్నది మన హైదరాబాదు నాట్కో. అలాగే ఎమ్మెస్ కోసమని అనుమతి లేకపోయినా డాక్టర్లు చాలా దేశాల్లో వాడే రిటుక్సిమాబ్‌కి చవక రూపాన్ని 2007లోనే తెచ్చింది డాక్టర్ రెడ్డీస్. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో ఎమ్మెస్ కోసం మొదటిసారి మూడు మందులు చేర్చింది. క్లాడ్రిబిన్, గ్లాటిరమర్, రిటుక్సిమాబ్. మూడింట్లో రెండిటితో మన ఊరికి సంబంధముంది. అయినా ఇక్కడ ఇన్సూరెన్సు చాలావరకు ఆస్పత్రిలో చేరితేనే ఇస్తుంది, ఇంట్లో వేసుకునే సూదికి రసీదు చూపిస్తే తల అడ్డంగా ఊపుతుంది. నెలాఖరులో సూదులు తప్పేవాళ్ళలో కొందరు మర్చిపోయి తప్పేవాళ్ళు కాదు, జీతం పడేదాకా ఉన్నవాటిని సాగదీసేవాళ్ళు. ఇది డాక్టరుకి చెప్పడం అన్నిటికంటే సిగ్గు. కానీ చెబితే చవకదో, సహాయం చేసే చోటో ఆయనకి తెలిసుండొచ్చు.

ఇవాళ దారులు చాలానే ఉన్నాయి. మాత్రలున్నాయి, సెలైన్లున్నాయి, 2020లో వచ్చిన ఓఫటుముమాబ్ అయితే మొదటి కొన్ని వారాల తర్వాత నెలకొక్క సూది. అలాగని పాత సూదులు మ్యూజియంలోకి పోలేదు. ముఖ్యంగా పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్ళకి గ్లాటిరమర్, ఇంటర్ఫెరాన్లు ఇప్పటికీ పనికొస్తున్నాయి. కాబట్టి "ఏది గొప్ప మందు?" అని నన్నడగకండి. ఎటాక్‌లని ఎంత తగ్గిస్తుందన్నది మీ డాక్టరు చెప్తారు. మీ షిఫ్టులో, మీ ఫ్రిజ్‌లో, మీ జీతంలో అది ఇముడుతుందా అన్నది మీరు చెప్పాలి. రెండో సగం మీరు దాచేస్తే మొదటి సగానికి అర్థం లేదు.

వేసుకునేవాళ్ళకి నాలుగు చిట్కాలు, మీ డాక్టరునడిగి పాటించండి. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టాక వేసుకుంటే మంట తగ్గుతుంది. ఇంటర్ఫెరాన్ అయితే పడుకునేముందు వేసుకుంటే జ్వరం చాలామటుకు నిద్రలో పోతుంది. మొదట్లో డోసు మెల్లగా పెంచుతారు, తొందరపడకండి. లివర్ రక్తపరీక్షలు ఎగ్గొట్టకండి. ఎండాకాలం ఒళ్ళు వేడెక్కితే పాత లక్షణాలు తిరిగొచ్చినట్టనిపిస్తుంది, చల్లబడితే పోతాయి. అది మందు చెడిపోయిందనడానికి గుర్తు కాదు. మన రోహిణి కార్తెలో ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

వేసుకోనివాళ్ళకి ఒకటే మనవి. మీ ఇంట్లోనో, మీ టీంలోనో ఇలాంటి సూది మీద బతికేవాళ్ళుండొచ్చు. ఆఫీసు ఫ్రిజ్‌లో పేరు లేని చిన్న డబ్బా కనపడితే కదపకండి. వాళ్ళని "వేసుకున్నావా?" అని అడక్కండి. ఆ ప్రశ్నకి నిజం రాదు. "పోయిన నెల ఎన్ని తప్పాయి?" అని అడగండి. అప్పుడు తప్పడం మామూలేనని మీరు ముందే ఒప్పుకున్నట్టు, చెప్పడం తేలికవుతుంది. డాక్టర్లెవరైనా ఇది చదువుతుంటే మీక్కూడా అదే మనవి. వీలైతే ఆ ఒక్క నిమిషం నాన్నగారిని బయట కూర్చోమనండి.

వేసుకునేది మీరే అయితే, ఈసారి అపాయింట్‌మెంటుకి ఎమ్మారై ఫిల్ములతో పాటు ఒక చిన్న కాగితం కూడా పట్టుకెళ్ళండి. దాని మీద రెండే అంకెలు. వేసుకోవాల్సినవి ఎన్ని, వేసుకున్నవి ఎన్ని.